గేదె మన కొట్టంలో, పాలు డెయిరీ క్యాన్‌లో

ప్రశ్న: అమ్మా, మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. ఎకరంన్నర మెట్ట, ఒక గేదె, ఏడెనిమిది నాటుకోళ్లు ఉన్నాయి. గేదె పూటకు మూడు లీటర్లు ఇస్తుంది. టీకి ఒక గ్లాసు ఉంచుకుని మిగతావన్నీ కేంద్రంలో పోస్తాం, లీటరుకు 50 పడుతుంది. నాటుగుడ్లు అంగడాయన 15 లెక్కన తీసుకుంటాడు. పోయిన సంక్రాంతికి కందులు నాలుగు క్వింటాళ్లయితే కళ్లంలోనే కిలో 70కి అమ్మేశాం. ఇప్పుడు కిలో 140 పెట్టి నెలకు రెండున్నర కిలోల పప్పు కొంటున్నాం. ఇంట్లో మేమిద్దరం, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్లు, 20 కిలోలుంది. బాబుకు నాలుగేళ్లు. పాప నీరసంగా ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రక్తం 9.8 ఉంది, ప్రోటీన్ తక్కువ తింటోంది అని మాత్రలతో పాటు 450 రూపాయల పొడి డబ్బా ఒకటి రాశారు. పాడీ, కోళ్లూ, చేనూ ఉన్న ఇంట్లో పిల్లకు ప్రోటీన్ లేదంటే నలుగురూ ఏమనుకుంటారు? ఒకటే టెన్షన్‌గా ఉంది. మా ఆయన ఈసారి కంది వద్దు, మొత్తం పొగాకు వేద్దామంటున్నాడు. అత్తమ్మ గుడ్డు వేడి అంటుంది. పాలు పోయడం మానేయాలా? డబ్బా కొనాలా? పెరట్లో ఏమన్నా వేస్తే సరిపోతుందా?

సమాధానం: ముందు ఆ సిగ్గు పక్కన పెట్టండమ్మా. మీ ఇల్లు ఒక్కటే కాదు, నేను తిరిగిన మెట్ట పల్లెల్లో సగం ఇళ్లు ఇలాగే ఉంటాయి. గేదె ఉంటుంది, పెరుగు ఉండదు. కంది చేను ఉంటుంది, ఆషాఢం వచ్చేసరికి పప్పుచారులో పప్పు వెతుక్కోవాలి. పండించిన ఇంట్లోనే తినడానికి లేకపోవడం వింత కాదు. పండింది కొట్టం నుంచి క్యాన్‌లోకి, కళ్లం నుంచి లారీలోకి నేరుగా వెళ్లిపోతోంది. మధ్యలో వంటిల్లు తగలడం లేదు.

మా ఊరు ఆత్మకూరు దగ్గర. నా చిన్నప్పుడు పొద్దున్నే మా అమ్మ కవ్వం ఆడిస్తుంటే, వెన్న పడే లోపే గుమ్మం ముందు నాలుగైదు చెంబులు వచ్చి కూర్చునేవి. పాడి లేని ఇళ్ల వాళ్లవి. వెన్న మాకు, నెయ్యి అమ్మకానికి, మజ్జిగ ఊరికి. మజ్జిగకు డబ్బు తీసుకోవడం ఎవరికీ తెలియదు. తర్వాత పాల కేంద్రం వచ్చింది. రోజూ తప్పకుండా పోస్తే పదిహేను రోజులకు బిల్లు. కవ్వం అటకెక్కింది, చెంబులు రావడం మానేశాయి. వెన్న తీసేసినా పాలలోని ప్రోటీన్ మజ్జిగలోనే ఉండిపోతుంది. అంటే ఆ చెంబుల్లో వెళ్లింది మామూలు దాహం తీర్చే నీళ్లు కాదు. కేంద్రం వచ్చాక మా ఇంట్లో పాలు తగ్గాయి, పాడి లేని వాళ్లకు ఆ మజ్జిగ పూర్తిగా పోయింది. అలాగని నేను డెయిరీని తిట్టలేను. నా హాస్టల్ ఫీజు ఆ పాలబిల్లులోంచే కట్టారు. అందుకే పాలు పోయడం మానేయమని మీకు చెప్పను. మీ ఇల్లు నడిచేది ఆ బిల్లు మీదే అని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

మరి ఏది ఉంచుకోవాలి, ఏది అమ్మాలి? మీరు రాసిన ధరలతోనే లెక్క వేద్దాం. చేతిలో 25 రూపాయలు ఉన్నాయనుకోండి. దానికి అరలీటరు గేదెపాలు. అందులో ప్రోటీన్ దాదాపు 20 గ్రాములు. అదే 25కి అంగట్లో ఫారం గుడ్లు, ఏడు రూపాయల లెక్కన, మూడున్నర. గుడ్డుకు ఆరు గ్రాములు వేసుకుంటే 21. పాలూ గుడ్డూ సరిసమానం. అదే 25కి 140 రూపాయల కందిపప్పు 180 గ్రాముల దాకా వస్తుంది, నూరు గ్రాముల పప్పులో 22 గ్రాముల ప్రోటీన్ కాబట్టి 39 గ్రాములు. ఇక మీ చేలో పండిన కంది సంగతి. కిలో 70కి అమ్మారు. మిల్లులో ఆడిస్తే నూటికి 70 కిలోల పప్పు దిగుతుంది కాబట్టి, మీ ఇంటి పప్పు మీకు కిలో 100 చొప్పున పడ్డట్టు. ఆ లెక్కన 25 రూపాయలకు పావుకిలో, 55 గ్రాముల ప్రోటీన్. చూశారా? మీ ఇంట్లో అన్నిటికన్నా చవకగా దొరికే ప్రోటీన్‌ని కళ్లంలోనే సాగనంపేసి, ఖరీదైన పొడి డబ్బా దగ్గర ఆలోచిస్తున్నారు.

కాబట్టి గట్టిగా పట్టుకోవలసింది కందిని. ఎంత అంటే, మనిషికి రోజుకు 50 గ్రాముల పప్పు పెట్టుకుంటే ఐదుగురికి పావుకిలో, నెలకు ఏడున్నర కిలోలు, ఏడాదికి 90. దానికి 130 కిలోల కందులు కావాలి. మీరిప్పుడు వండుతున్న రెండున్నర కిలోలు మనిషికి 17 గ్రాములు కూడా పడటం లేదు. ఆ 130 కిలోలు అమ్మితే మీకు వచ్చేది 9,100. ఆ 90 కిలోల పప్పు కొనాలంటే 12,600. మిల్లు కూలి పోయినా లాభమే. పైగా పొట్టూ, నూకా ఇంటికొస్తాయి, గేదెకు వేయొచ్చు.

కళ్లంలో ఎందుకు అమ్ముతామో నాకు తెలియక కాదు. అప్పిచ్చినాయన కళ్లం గట్టు మీదే నిలబడి ఉంటాడు. నాలుగు క్వింటాళ్లలో క్వింటాలున్నర కూడా ఆపలేమంటే, కనీసం 60 కిలోలు ఆపండి. వాటిని సంక్రాంతి నుంచే తినడం మొదలుపెట్టకండి. అప్పుడు కొత్త పంట దిగి అంగట్లో పప్పు కాస్త దిగే రోజులు, కొనుక్కోండి. దాచింది ఆషాఢం తర్వాత తీయండి, ఇంట్లో డబ్బూ పప్పూ రెండూ అడుగంటే రోజులు అవే. ఒక మాట గుర్తుంచుకోండి, కందుల్ని గింజగా దాచితే పుచ్చు పడుతుంది. ఆ పురుగు గుండ్రటి గింజ మీదే గుడ్లు పెడుతుంది, బద్దల జోలికి అంతగా రాదు. మా అమ్మావాళ్లు ఎండాకాలంలో కందులకు ఎర్రమట్టి నీళ్లు పట్టించి, ఎండబెట్టి, తిరగట్లో విసిరి, పప్పు చేసి దాచడంలో ఉన్న కిటుకు అదే. మీరు మిల్లుకు వేయండి, రెండు ఎండలు పెట్టండి, మూత బిగుసుకునే డబ్బాల్లో పోయండి. సరిపోతుంది.

పొగాకు గురించి. మీ ఆయన మాట కొట్టిపారేయకండి. కలిగిరి వేలం కేంద్రంలో పక్క రైతుకు మంచి రేటు పడటం చూసినవాడు ఆశపడడం తప్పు కాదు. కానీ ఆ రేటు ఒక ఏడు ఎక్కితే ఇంకో ఏడు కూలుతుంది, కూలిన ఏడు ఆకు వండుకుని తినలేం కదా. ఎకరంన్నరకు నాలుగు క్వింటాళ్లంటే అరెకరానికి 133 కిలోలు. అంటే మీ ఇంటి ఏడాది పప్పు సరిగ్గా అరెకరంలో ఉంది. ఆయనతో పోట్లాడకుండా ఈ ఒక్క అంకె చెప్పండి. అరెకరం కంది ఇప్పుడు వేసేయండి, మధ్య సాళ్లలో కాసిని అలసందలు చల్లండి. పొగాకు నాటేది వానలు పడ్డాకే కాబట్టి, మిగతా ఎకరం సంగతి తేల్చుకోవడానికి ఆయనకు ఇంకా టైముంది. రాత్రి అన్నాల దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకండి. పాలబిల్లు వచ్చిన రోజు, ఆయనే కాగితం పట్టుకుని లెక్క చూసుకుంటుంటారే, అప్పుడు చెప్పండి.

ఇక గుడ్లు. ఇక్కడ నేను చెప్పేది మీకు కొత్తగా అనిపించొచ్చు. నాటుగుడ్లు అమ్మేయండి, ఫారం గుడ్లు కొనండి. నాటుగుడ్డుకు రుచి ఉంది, గిరాకీ ఉంది, ఒప్పుకుంటాను. బలం మాత్రం రంగులో ఉండదు. నాటుగుడ్డు చిన్నది, ఫారం గుడ్డు పెద్దది, గుడ్డుకు గుడ్డు చూస్తే ప్రోటీన్ ఫారం దాంట్లోనే కాస్త ఎక్కువ. పది నాటుగుడ్లు అమ్మితే 150, దానికి ఫారం గుడ్లు ఇరవై ఒకటి. పది ఇచ్చి ఇరవై తెచ్చుకునే బేరం ఇంకెక్కడ దొరుకుతుంది? అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మీరు గుడ్లు బుట్టలో తీసుకెళ్లి అంగడి బల్ల మీద పెడతారు. ఆయన లెక్కపెట్టి, డబ్బు చేతికివ్వకుండా మీ ఖాతా పుస్తకం తీస్తాడు. టీపొడి, సబ్బులు, పోయిన వారం బాకీ కొట్టేసి, ఇంకా 40 మీరే ఇవ్వాలమ్మా అంటాడు. అవునా కాదా? గుడ్డు సబ్బుగా మారిపోయింది. అందుకని బల్ల మీద బుట్ట పెట్టేటప్పుడే అడగండి, ముందు ఒక అట్ట ఫారం గుడ్లు దించు, మిగిలింది ఖాతాలో వేసుకో అని. పాలబిల్లు మీ ఆయన అకౌంట్లో పడుతుందనుకుంటాను. గుడ్ల డబ్బు ఒక్కటే ఇంట్లో ఆడమనిషి చేతికొచ్చేది. అది తిండిలోకి తిరిగి రావడం మీ చేతిలోనే ఉంది.

అత్తమ్మతో వేడీ చలువా వాదన పెట్టుకోవద్దు, గెలవరు. అసలు పాప గవర్నమెంటు బడిలో చదువుతుంటే మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. బాబుకు అంగన్‌వాడీలో గుడ్డు ఉంది. వాళ్లు తింటున్నారా, పక్కపిల్లకు ఇచ్చేస్తున్నారా అన్నది ఒకసారి కనుక్కోండి. చాలామంది పిల్లలు పచ్చసొన పారేస్తారు, ఐరన్‌తో సహా ఎన్నో ఉండేది అందులోనే. బడి ఉన్నన్నాళ్లూ ఇంట్లో శని, ఆదివారాలు ఇస్తే చాలు. బడిలో రోజూ తింటున్న గుడ్డు ఇంట్లో మాత్రం వేడి ఎలా చేస్తుందని అత్తమ్మే ఏదో ఒక రోజు అనుకుంటుంది. సెలవులే అసలు సమస్య. ఏప్రిల్ చివర బడి మూసినప్పటి నుంచి జూన్‌లో తెరిచే దాకా బడి గుడ్డు ఉండదు. ఆ నెలన్నర ఇంటి బాధ్యతే.

ఉన్న కోళ్లకు తోడు నాలుగైదు గ్రామప్రియ పెట్టలు తెచ్చుకుంటే మంచిది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం, నాటుకోడికి రెట్టింపు గుడ్లు పెడుతుంది. కొంచెం పెద్దవైన పిల్లల్నే తెచ్చుకోండి, రోజు వయసు పిల్లలకు బల్బు వెచ్చదనం కావాలి, అది మీ వల్ల కాదు. కొక్కెర తెగులు టీకా పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. ఆ తెగులు తగిలితే టీకా లేని మంద ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోతుంది. అన్నీ కోళ్ల మీదే పెట్టుకోవద్దనడానికి మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వస్తే ఆ చుట్టుపక్కల చికెన్ కొట్లు మూయించారు, గుడ్డు పేరెత్తితే జనం భయపడ్డారు. అలాంటప్పుడు డబ్బాలో పప్పు ఉన్న ఇల్లు నిశ్చింతగా ఉంటుంది.

పాలల్లో రోజుకు అరలీటరు ఉంచుకోండి. నెలకు 750 రూపాయలు బిల్లులో తగ్గుతుంది, తక్కువేం కాదు, కానీ ఇందులో బేరం లేదు. ప్రోటీన్ ఒక్కటే అయితే పప్పుతో సరిపెట్టమనేదాన్ని. పప్పులో లేని బి12 విటమిన్, పప్పులో తక్కువగా ఉండే కాల్షియం పాలల్లో ఉన్నాయి, ఎదిగే పిల్లలకూ మీ అత్తమ్మ ఎముకలకూ అవి కావాలి. కొలత ముఖ్యం. కేంద్రం నుంచి వచ్చాక మిగిలింది అనుకుంటే ఏ రోజూ మిగలదు. పాలు పితికిన బక్కెట్టు వసారాలోకి రాగానే ముందు ఇంటి గిన్నెలో అరలీటరు పోయండి, తర్వాతే క్యాన్ మూత తీయండి. అరలీటరుకు చెంచాడు తోడు వేస్తే పొద్దుటికి పిల్లలిద్దరికీ, అత్తమ్మకీ కప్పుడు పెరుగు. దాన్ని నాలుగింతలు నీళ్లు పోసి మజ్జిగ చేస్తే అందరికీ వస్తుంది గానీ, ఎవరికీ ఏమీ వచ్చినట్టు కాదు. గేదె ఒట్టిపోయిన నెలల్లో కూడా ఆ అరలీటరు ఆపకండి, ప్యాకెట్ అయినా సరే. చూడి కట్టిన గేదెను చూసుకుంటూ ఆర్నెల్లు పాల వాసన లేకుండా గడిపే ఇళ్లు బోలెడు.

డబ్బా కొనొద్దు. కొనే ముందు అయినా దాని వెనక వైపు చదవండి, నూరు గ్రాములకు ప్రోటీన్ ఎంత, పంచదార ఎంత అని రాసి ఉంటుంది. ఆ 450కి 64 ఫారం గుడ్లు వస్తాయి. డాక్టరు గారిని అడగడానికి మొహమాటపడకండి, రోజూ గుడ్డూ పప్పూ పెడితే ఈ డబ్బా అవసరం ఉంటుందా అండీ అంటే చాలామంది నవ్వి వద్దనే చెబుతారు.

నిజం చెప్పాలంటే పాపకు ప్రోటీన్ లోటు కొండంత ఏం లేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లకు రోజుకు 23 గ్రాములు కావాలి. రోజుకు 200 గ్రాముల బియ్యం తింటే అందులోనే 15 దాకా వస్తాయి. మీ ఇంటి ఇప్పటి పప్పుతో ఇంకో నాలుగు. అంకె దగ్గరగానే ఉంది, కానీ ఎక్కువ అన్నం ప్రోటీనే. అన్నం ప్రోటీన్‌లో లైసిన్ అనే ముక్క తక్కువ, పప్పులో అది ఎక్కువ, పప్పులో తక్కువున్నది అన్నంలో ఉంది. రెండూ కలిస్తే ఒంటికి బాగా పట్టే ప్రోటీన్ అవుతుంది. రేషన్ బియ్యం వల్ల మన పల్లెల్లో కడుపు మాడడం తగ్గింది, అది చిన్న సంగతి కాదు. 2013 ఆహార భద్రత చట్టం హక్కుగా ఇచ్చింది గింజ ధాన్యాన్ని. పప్పు ఆ హక్కులో లేదు, అది ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవలసిందే. పాపకు 40 గ్రాముల పప్పు, ఒక గుడ్డు, కప్పు పెరుగు పడితే 30 దాటిపోతుంది, ఇక ఆ లెక్క మర్చిపోవచ్చు.

రక్తం (హిమోగ్లోబిన్) 9.8 అన్నది మాత్రం మర్చిపోవద్దు. రక్తహీనత ప్రోటీన్ ఒక్కదానితో పోదు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు పూర్తి కోర్సు వేయండి, వేసే ముందూ వెనకా టీ ఇవ్వకండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆ రోజు పాప బడి మానకుండా చూడండి. కడుపులో పురుగులుంటే మీరు పెట్టిన దాంట్లో కొంత వాటికే.

పెరడు గురించి అడిగారు. గోంగూర, పాలకూర, మునగాకు వేయండి, ఐరన్‌కూ కంటికీ మంచివి, కూరగాయల ఖర్చు తగ్గుతుంది. ప్రోటీన్ కోసం మాత్రం ఆకుల్ని నమ్ముకోకండి. మునగాకు గురించి ఫోన్లలో తిరిగే మెసేజ్‌లు ఎండిన పొడి లెక్కలు, మనం పప్పులో వేసే గుప్పెడు ఆకుకు అవి వర్తించవు. గింజ కట్టేవి వేస్తే ఫలితం ఉంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట ఒక చిక్కుడు పాదు పందిరికి పాకించండి, లేతవి కూరకు, ముదిరినవి ఒలిచి గింజలకు.

సంక్రాంతికి కంది వచ్చే దాకా పప్పు కొనక తప్పదు. 140 పెట్టి ఏడున్నర కిలోలు కొనలేకపోతే ఊళ్లో ఎవరి దగ్గరన్నా ఉలవలు, అలసందలు గింజలుగా తీసుకోండి, చవక, ప్రోటీన్ కందిపప్పుకు ఏం తీసిపోదు. ఉలవలంటే ఒకటి గుర్తొస్తుంది. గేదెకు ఉలవలు ఉడకబెట్టి, పైన కట్టు వంచుకుని మనం చారు కాచుకుంటాం, గుగ్గిళ్లు గేదెకు వేస్తాం. ప్రోటీన్ ఉన్నది గుగ్గిళ్లలో. గేదె తెలివైనది. దాని వాటాలోంచి రోజుకో దోసెడు తీసి పిల్లలకు తాలింపు పెట్టండి. ఎండు నెత్తళ్లు అమ్మే ఆమె మీ ఊరికి వస్తుంటే నెలకు పావుకిలో తీసుకోండి, వంకాయలో నాలుగు వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతాయి. అత్తమ్మకు బీపీ ఉంటే మాత్రం ఉప్పు చేపలు తగ్గించాలి.

మీ ఉత్తరంలో ఇంట్లో ఐదుగురినీ రాశారు గానీ, మీరేం తింటున్నారో ఎక్కడా లేదు. నాకు తెలుసు. ఆయనకు, పిల్లలకు, అత్తమ్మకు వడ్డించాక గిన్నెలో పైన తేరిన కట్టూ, అడుగున ఒక గరిటె పప్పూ. మీకూ రోజుకు 46 గ్రాముల ప్రోటీన్ కావాలి. పాపతో పాటు మీరూ రక్తపరీక్ష చేయించుకోండి. పప్పు దించగానే, వడ్డన మొదలుపెట్టక ముందే మీ గిన్నెలో ఒక గరిటె పక్కకు తీసి మూత పెట్టుకోండి. మూడు నెలలయ్యాక ఇద్దరి అంకెలూ నాకు రాయండి. అరెకరం కంది మొలిచిందో లేదో కూడా.